వదిన వెనక్కి నడిపిన ఇల్లు

ఇందుమూలముగా ఈ బండి ఎక్కిన సమస్త బంధుమిత్రులకు తెలియజేయడమేమనగా, ఆవకాయ జాడీకి చుట్టిన బ్యాండేజీని విప్పినవారే తిరిగి చుట్టవలెను. బండి కదులుచుండగా స్నానాల గది తలుపు తెరిచి ఉంచరాదు. అప్పడాల కర్రను దోమలపై ప్రయోగించరాదు. మరిది అను వ్యక్తి పై అరలోని బిస్కెట్ల డబ్బా దరిదాపులకు పోరాదు. అతిక్రమించినవారు ఆ పూట గిన్నెలు కడగవలెను.

పై ఉత్తర్వులు మా వదినవి. భాష మాత్రం నాది. ఆమె మామూలుగా చెప్పిన మాటల్ని నేను దండోరా వేసినట్టు మార్చి, గాయాలకు అంటించే తెల్ల ప్లాస్టరు మీద రాసి, మా ట్రైలర్ బండి తలుపుకి లోపలివైపు అంటించాను. ఎగతాళికే చేశాను. చూడగానే పీకేస్తుందనుకున్నాను. "తప్పుల్లేకుండా రాశావే, ఎస్సెల్సీ తప్పినవాడివి" అని అలాగే ఉంచేసింది.

ఆ మనిషి మొన్న బుధవారం పొద్దున ఫ్లోరిడాలో కన్నుమూసింది. ట్రైలర్ మెట్టు మీద కూర్చుని, ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయిందట. "బాబాయ్, అమ్మ ఇక లేదు" అని ఆమె కొడుకు ఫోన్ చేసేసరికి నేను జెర్సీ సిటీలో, మా గ్యారేజీలో ఒక కారు కింద ఉన్నాను. లేచి వెళ్ళి ఫోన్‌లో విన్నాను. తిరిగి వచ్చి అదే కారు కింద పడుకున్నాను. అక్కడైతే మన మొహం ఎవరికీ కనబడదు.

ఇది చదువుతున్న, ఆదివారం మన తెలుగు ఆరాధనకు వచ్చే మీ అందరికీ ఆమె నర్సమ్మగారు. మీ పిల్లల జ్వరాలకి మీరు ముందు ఫోన్ చేసింది ఆమెకే, డాక్టరుకి తర్వాత. నాకు మాత్రం వదిన. నాకు తొమ్మిదేళ్ళప్పుడు గుంటూరులో మా ఇంటికి కోడలిగా వచ్చి, వచ్చిన వారానికే నా తల గొరిగించింది. పేలు కాదు, పొగరు పోవడానికట. చదువు చట్టుబండలై నేను బెజవాడ–మద్రాసు లారీల మీద క్లీనరుగా పోతే ఇంట్లో అందరూ తల దించుకున్నారు. "వాడికి నాలుగు ఊళ్ళు తెలుస్తాయి, పోనీండి" అన్నది ఆమె ఒక్కతే. తర్వాత నర్సు ఉద్యోగం మీద అమెరికా వచ్చింది, అన్నయ్యని రప్పించుకుంది, చివరికి నన్నూ లాక్కొచ్చింది.

డెబ్భై తొమ్మిదిలో అన్నయ్య పనిచేసే రంగుల ఫ్యాక్టరీ మూతపడడంతో ముందుగానే రిటైరయ్యాడు. తన ఈడువాళ్ళు పెద్ద ఇళ్ళు కొంటుంటే ఆయన ఒక పాత ట్రైలర్ కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లన్నమాట. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, ఒక్క పళ్ళెం పట్టే సింకు. అందులో అటు తిరగాలంటే ఇంకొకరు ఇటు తప్పుకోవాలి. మరుసటి ఏడు వదిన కూడా ఉద్యోగం మానేసింది. చలికాలం ఫ్లోరిడాలో, ఎండాకాలం పెన్సిల్వేనియా కొండల్లో కాపురం. సెలవు దొరికినప్పుడల్లా నేనూ వెంట పడేవాణ్ణి.

ఈ ట్రైలర్లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండేవాళ్ళంతా రిటైరైన జంటలే. సాయంత్రం నాలుగయ్యేసరికి మడత కుర్చీలు తెచ్చుకుని దారి పక్కన వరసగా కూర్చుంటారు. సూర్యాస్తమయం కోసం కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ట్రైలర్‌ని రివర్స్ చేసి తమ జాగాలో పెట్టడానికి పడే అవస్థ చూడడానికి. మొగుడు స్టీరింగ్ దగ్గర, పెళ్ళాం వెనక చేతులు ఊపుతూ. నలభై ఏళ్ళ కాపురాలు పది నిమిషాల్లో వీధిన పడేవి. మావాళ్ళేం తక్కువ తినలేదు.

"ఎడమకండీ, ఎడమకి!"

"ఎవరి ఎడమే?"

"గడియారం చెయ్యి వైపు!"

"నా గడియారం కుడిచేతికుంది!"

తెలుగు ఒక్క ముక్క రాకపోయినా కుర్చీల్లో ముసలివాళ్ళకి అంతా అర్థమయ్యేది. తిట్టుకోవడం అయ్యాక వదిన అల్లం టీ పెట్టి ఆ కుర్చీలన్నిటికీ పంచేది. "అడిగినవాళ్ళకి చెప్పు, అడగనివాళ్ళకి టీ ఇయ్యి" అనేది. ఎవరైనా టీ తాగుతూ సలహా మొదలుపెడితే వాళ్ళ కప్పు మళ్ళీ నింపేది.

ఎనభై నాలుగు ఎండాకాలం చివర అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. రెండో రోజు పొద్దున కాస్త మాట వచ్చింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. "ట్రైలర్ అమ్మనీకురా. మీ వదిన చేత నడిపించు" అన్నాడు. బయటికి వచ్చి ఆ మాట వదినకి చెప్పాను. మర్నాడు అన్నయ్య పోయాడు.

సమాధి కార్యక్రమం అయిన వారానికి కొడుకు వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి మళ్ళీ వచ్చాడు. కంప్యూటర్ ఉద్యోగం, మంచి పిల్లాడు. మంచి పిల్లలతోనే చిక్కు, వాళ్ళ మీద కోపం కూడా రాదు.

"అమ్మా, మా దగ్గరికి వచ్చెయ్. మేడ మీద గది ఖాళీగానే ఉంది. ట్రైలర్ కొనడానికి ఒకాయన రెడీగా ఉన్నాడు."

"మీ నాన్నగారు నన్ను నడపమన్నారట."

"అమ్మా, నీకు షాపు ముందు కారు పార్క్ చెయ్యడమే సరిగా రాదు. దానికి తోడు వెనక ఇంకో ఇల్లా?"

"రాదు. నేర్చుకుంటాను."

వాడు నావైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. చివరికి వాడే ఒక బేరం పెట్టాడు. "సరే. అక్టోబర్‌లో మా దగ్గర కొండ కింద క్యాంప్‌గ్రౌండ్ ఉంది, అక్కడికి తీసుకురా. నువ్వే డ్రైవ్ చెయ్యాలి, నువ్వే రివర్స్ చేసి పెట్టాలి. బాబాయ్ స్టీరింగ్ ముట్టుకోకూడదు. దేనికైనా తగిలిందా, ఆ వారమే అమ్మేద్దాం."

"తగలకపోతే?"

"ఇంక నేను నోరెత్తను."

"చేతిలో చెయ్యెయ్యి" అంది వదిన. వేశాడు.

ఆరు శనివారాలు మన చర్చి పార్కింగ్ స్థలంలోనే సాధన. నాకు తెలిసిన విద్య ఒక్కటే, లారీ క్లీనరు విద్య. బండి వెనక నిలబడి అరచేత్తో రేకు మీద రెండు దెబ్బలు వేస్తే రమ్మని, ఒక్క దెబ్బ వేస్తే ఆగమని. "రానీ, రానీ, రానీ... హోల్డాన్!" అని నేను అరుస్తుంటే పక్క వీధి వాళ్ళు కిటికీలు తెరిచి చూసేవారు. స్టీరింగ్ దగ్గర వదినకి చీర మీద ఉన్ని కోటు, కాళ్ళకి టెన్నిస్ బూట్లు, ఒళ్ళో ప్రార్థన పుస్తకం. కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేసేది. "కళ్ళు మూసుకుంటే అద్దం ఎవరు చూస్తారు?" అనేది.

రెండో శనివారం నాకు కొంటె బుద్ధి పుట్టింది. బండి వస్తుంటే "అమ్మో!" అని కేక పెట్టి, వెనక చక్రం పక్కన వెల్లకిలా పడి కళ్ళు మూసుకున్నాను. బండి ఆగింది. తలుపు చప్పుడు. బూట్ల చప్పుడు, నెమ్మదిగానే. నా మణికట్టు పట్టుకుని గడియారం చూసుకుంది.

"డెబ్భై రెండు. బాగానే కొట్టుకుంటోంది. లే, చొక్కా మాసింది."

మూడో శనివారం చర్చి బోర్డు పడిపోయింది. చెక్క స్తంభం పుల్లలా విరిగింది. నేను చుట్టూ చూసి, "చెత్త లారీ వాడు కొట్టాడని చెబుదాం వదినా" అన్నాను. మర్నాడు ఆరాధనలో ఆమె లేచి ఏం చెప్పిందో మీలో చాలామంది విన్నారు. "బోర్డు నేనే పడగొట్టాను. కొత్తది నేనే పెట్టిస్తాను. వచ్చే శనివారం కూడా వస్తాను, కార్లు దూరంగా పెట్టుకోండి" అంది. పాస్టరుగారు ఆమెన్ అనాలో వద్దో తేల్చుకోలేకపోయారు.

అసలు చిక్కు ఏమిటంటే, ట్రైలర్‌ని వెనక్కి తోసేటప్పుడు స్టీరింగ్ ఇటు తిప్పితే అది అటు పోతుంది. నాకూ సరిగా తెలియదు. వదిన ఊరుకోలేదు. భర్త పోయాక కూడా ట్రైలర్ నడుపుతున్న ఒక అమెరికన్ ముసలావిడకి ఫ్లోరిడాకి ఫోన్ చేసి కనుక్కుంది. స్టీరింగ్‌ని పైన కాదు, అడుగున పట్టుకోవాలట. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలట. అంతే.

"పదేళ్ళు లారీల మీద తిరిగావు, ఈ ముక్క చెప్పలేదేం అబ్బాయ్?"

"మా లారీలకి తోక లేదు వదినా."

అక్టోబర్‌లో బయల్దేరాం. ఐదారు గంటల దారి మాకు తొమ్మిది పట్టింది. నలభై మైళ్ళ వేగం దాటనివ్వలేదు. వెనక హారన్లు మోగుతుంటే "ఎవరికో ఒంట్లో బాగాలేనట్టుంది పాపం, తొందరపడుతున్నారు" అని పక్కకి తీసి దారి ఇచ్చేది. మేం చేరేసరికి కుర్చీలు నిండిపోయి ఉన్నాయి. కొడుకు చేతులు కట్టుకుని చెట్టు కింద నిలబడ్డాడు. మాకిచ్చిన జాగాకి ఎడమవైపు పైన్ చెట్టు, కుడివైపు నీళ్ళ కుళాయి స్తంభం. ఆ రెంటి మధ్యలోంచి పోవాలి.

మొదటిసారి వంకరపోయింది. రెండోసారి నేరుగా కుళాయి మీదికే వచ్చింది. నా అరచెయ్యి మండేటట్టు ఒక్క దెబ్బ వేశాను, ఆగింది. కుర్చీల్లోంచి టోపీ పెద్దమనిషి ఒకాయన లేచి, "మేడమ్, నేను పెట్టనా?" అని ఇంగ్లీషులో అడిగాడు. కొడుకు కూడా కట్టుకున్న చేతులు విప్పేశాడు. "అమ్మా, చాలు. దిగమ్మా" అన్నాడు. వాడి గొంతులో గెలిచినవాడి ధోరణి లేదు. భయపడుతున్నాడు.

వదిన కిటికీ అద్దం దించింది. టోపీ ఆయనతో, "థాంక్యూ. ప్లీజ్ సిట్ డౌన్" అంది. కొడుకుతో తెలుగులో, "నువ్వూ కూర్చో. నిలబడితే అద్దంలో అడ్డం వస్తున్నావు" అంది.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. స్టీరింగ్ మీద ఆమె చేతులు వణుకుతున్నాయి. జీవితంలో మొదటిసారి వేళాకోళం నోటికి రాలేదు. "ఒక్క పది నిమిషాలు ఆగుదాం వదినా" అన్నాను.

"మొదటిసారి సూది వేసినప్పుడూ ఇలాగే వణికాయి. వణుకు తగ్గాక వేద్దామంటే ఆ పిల్లాడు బతికేవాడు కాదు. నువ్వు వెనక్కి పో."

పోయాను. రెండు దెబ్బలు వేశాను. ట్రైలర్ మెల్లగా, నిద్రలో పక్కకి ఒత్తిగిలిన మనిషిలా కదిలింది. చెట్టు దాటింది. కుళాయి పక్కకి వచ్చింది. నేను "రానీ" అనడం కూడా మానేసి, దెబ్బ వెయ్యడానికి చెయ్యెత్తి పట్టుకున్నాను. ఆ స్తంభం చక్రాన్నీ దాటి, రేకునీ దాటి, వెనకబడిపోయింది. అప్పుడు ఒక్క దెబ్బ వేశాను. కుర్చీల్లో ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. వదిన దిగి ఎవరివైపూ చూడకుండా కుళాయి దగ్గరికి వెళ్ళి, గాయం చూసినట్టు వేళ్ళతో తడిమి చూసింది.

కొడుకు వచ్చి వంగి చూశాడు. "బాబాయ్, మధ్యలో నాలుగు వేళ్ళ సందే ఉంది."

"నాలుగు వేళ్ళు చాలు" అంది వదిన, పొయ్యి వెలిగించడానికి లోపలికి పోతూ.

వాడు మాట మీద నిలబడ్డాడు. మళ్ళీ నోరెత్తలేదు. ఆ తర్వాత ఐదు చలికాలాలు ఆమె ఆ ఇంటిని తనే లాక్కుని ఫ్లోరిడా వెళ్ళింది. సగం సార్లు నేను లేను కూడా. దారిలో మనవాళ్ళ కొట్లున్న ఐసెలిన్‌లో ఆగి కరివేపాకు కొనేది, అక్కడ ట్రైలర్ పెట్టడానికి చోటు లేక రెండు వీధులు తిరిగేది. క్యాంప్‌గ్రౌండ్‌లో కొత్తగా మొగుడు పోయిన ఆడవాళ్ళెవరైనా కనబడితే వాళ్ళని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టేది. ఎంతమందికి నేర్పిందో ఆమెకే తెలియదు. నాకు పోస్టుకార్డులు రాసేది, రెండేసి లైన్లు. "ఇక్కడ ఎండగా ఉంది. పళ్ళ డాక్టరుకి చూపించుకున్నావా?"

ఇంతవరకూ చదివారు కాబట్టి ఇక ఒకటి చెప్పాలి. నా కొంటె పనులు మీకు కొత్త కాదు, మీ చెప్పుల జతలు మార్చినవాణ్ణి. కానీ పైన రాసినదాంట్లో ఒక ముక్క పచ్చి అబద్ధం. మా అన్నయ్య ఆ మాట అనలేదు. ఆయన అన్నది ఇది: "ట్రైలర్ అమ్మించెయ్. మీ వదిన్ని పిల్లాడి దగ్గరికి పంపు. ఒక్కతే అవస్థ పడుతుంది." ప్రేమతోనే అన్నాడు. చావబోయేవాడి మాటని నేను తలకిందులు చేశాను. నా ఫ్లోరిడా ప్రయాణాలు పోతాయన్న స్వార్థం అందులో లేదని ప్రమాణం చెయ్యలేను. ఇది చదివాక వదిన కొడుకు నాతో మాట్లాడకపోతే అది వాడి హక్కు.

వదినకి తెలుసో తెలియదో నాకు తెలియదు. ఎవరేం చెప్పినా ఎప్పుడు, ఎలా, ఏ మాటల్లో అని మూడుసార్లు అడిగి చెప్పించుకునే నర్సు ఆమె. ఆ ఒక్క మాటని మాత్రం ఐదేళ్ళలో రెండోసారి అడగలేదు.

ఆ పొద్దున నేను ఆస్పత్రి గదిలోంచి బయటికి వచ్చేసరికి ఆమె వరండాలో నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు, మెషీన్ కాఫీ, పొగలు పోతూ. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. "ఏమన్నారు?" అంది. నోరు తెరిచేదాకా ఏం చెబుతానో నాకే తెలియదు. చెప్పాను. ఆమె నాడి చూస్తున్నట్టు నా మొహంలోకే చూసి, కుడిచేతి కప్పు నాకు అందించింది.