శెట్టిగారు పోసిన కాఫీ

ఆదోనిలో మా సత్సంగానికి కాఫీ తెచ్చే శెట్టిగారిని ఎవరైనా మెచ్చుకుంటే, "ఆ పుణ్యం అరకులో గింజలు పండించే అక్కదప్పా" అనేవారు. ఆమె చిన్న తోట పంటను కొనేది ఆయనొక్కరే.

ఒక శనివారం భజన తర్వాత కాఫీ ఘాటుగా ఉంది.

"ఏం శెట్టీ, మిరపకాయలు ఏసినావా?" అని ఎమ్మిగనూరు నుంచి వచ్చిన నేత పెద్దాయన నవ్వాడు.

"ఆయమ్మ పంట ఇంక వద్దులేప్పా" అన్నాను నేను.

శెట్టిగారు లేచి నిలబడ్డారు. "ఆ అక్కను ఏమీ అనొద్దు సామీ. తెలీక గింజల మూటలు మా మిరపకాయల గోదాములో దించినాను, ఆ ఘాటు పట్టేసింది. తప్పు నాది."

గీతలో ఆర్జవమంటే కపటం లేకపోవడమని అందరికీ చెప్పేవాణ్ణి నేనే. ఆ కాఫీ చివరి చుక్కదాకా తాగి, వచ్చే ఏడూ ఆమె పంటే తెప్పించమన్నాను.