కలువలో దోసకాయ

పెద్దకోడలికి చిన్నకోడలంటే ఒళ్ళుమంట. ఇద్దరికీ మాటల్లేక ఏడాది దాటింది. ఒకే ఇంట్లో, ఒకే సెంట్ల దుకాణంలో ఎడమొహం పెడమొహంగా బతకడం ఎంత నరకమో పడేవాళ్ళకే తెలుసు.

సెంట్లు కలిపే బల్ల పెద్దావిడది. మామగారు తన తరవాత ఆ బల్ల దగ్గరి కుర్చీ ఆమెకిచ్చాడంటే ఆమె చేతి కలువ సెంటును చూసే. గులాబీనైతే ఎవడైనా బట్టీలో మరిగించి సెంటు తీస్తాడు. కలువను మరిగిస్తే ఏమొస్తుంది, వాళ్ళ తలకాయ? ఉడికిన ఆకు కంపొస్తుంది! పచ్చిగడ్డి వాసన కాస్త, లేతపూల వాసన కాస్త, వేలికొసంత తేనె వాసన, ఆపైన నీళ్ళ వాసనిచ్చే మందు ఒక్క చుక్క. ఇలా ఎక్కడెక్కడివో కూడదీసి లేని కలువను పుట్టించాలి. ఆ విద్య పెద్దావిడకే అబ్బింది. చిన్నావిడ పనల్లా వడపోసి సీసాలకెత్తడం. అలాంటిది ఒకనాడు, "అక్కా, నీళ్ళవాసన ఎక్కువైనట్టుంది," అంది. గిన్నెలు కడిగే మనిషి వంటకి వంక పెట్టినట్టు! ఆ రోజే మాటలు బంద్.

ఈమధ్య పెద్దావిడకి ఇంకో అనుమానం పట్టుకుంది. తను కలిపి ఊరబెట్టిన కలువ సీసాల్లోకి వెళ్ళేసరికి తేడాగా ఉంటోంది. నీళ్ళవాసన చప్పబడి పూలవాసన పైకొస్తోంది. ఎవరో చెయ్యి పెడుతున్నారు. ఎవరో ఏమిటి, నంగనాచి తుంగబుర్ర ఇంట్లోనే ఉందిగా!

"మీ తమ్ముడి పెళ్ళాం నా కుర్చీకి ఎసరు పెడుతోందండీ," అంది మొగుడితో.

"మీ గోలలోకి నన్ను లాగకు," అని ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఇంతలో సబ్బుల షావుకారు కబురు పంపాడు. కలువ సెంటు తానే స్వయంగా వాసన చూసి, నచ్చితే తన సబ్బులన్నిటికీ అదే వాడతాడట. దొంగను పట్టడానికి ఇంతకన్నా మంచి అదను ఏది? పెద్దావిడ తలుపు గడియపెట్టుకుని కలిపింది. ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకుంది. అది ఊరేదాకా చిన్నావిడ నీడ కూడా పడనివ్వలేదు. ఈసారి కలువ అదిరిపోతే, ఇన్నాళ్ళూ చెడగొట్టిందెవరో అందరికీ తేలిపోతుంది.

షావుకారు కాగితపు పట్టీ ముంచి, విదిలించి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే దూరం జరిపాడు.

"ఇదేం కలువండీ బాబూ! కీరదోసకాయ కోసిన పీటలా ఉంది."

మామగారూ వాసన చూశాడు. ఆయన మొహం మాడిపోయింది.

"చూశారా మామయ్యగారూ!" పెద్దావిడ అరిచినంత పని చేసింది. "ఇదంతా మీ చిన్నకోడలి నిర్వాకం!"

"తాళం ఎవరి దగ్గరుందమ్మా?"

ఆమె చెయ్యి మెడమీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది.

చిన్నావిడ అప్పుడు ముందుకొచ్చింది. "చెయ్యి పెట్టింది నేనే అక్కా, ఒప్పుకుంటా. నీళ్ళవాసన మందు చుక్క వెయ్యాల్సిన చోట నువ్వు ధార పోస్తున్నావు, అది ఎక్కువైతే దోసకాయ కంపే. పొద్దస్తమానం దాన్నే పీల్చి నీ ముక్కు దానికి మొద్దుబారింది. చెప్పబోతే మీదపడ్డావు. అందుకే వడపోసేటప్పుడు మిగతావి ఇంకాస్త పోసి సర్దుతూ వచ్చాను. నీమీద ప్రేమ కారిపోయి కాదులే. దుకాణం మునిగితే నా నోట్లోనూ మట్టేగా! ఈసారి నన్ను రానివ్వలేదు. అనుభవించు."

"రేపట్నుంచి బల్ల దగ్గర చిన్నది కూర్చుంటుంది," అన్నాడు మామగారు. అని, లేచిపోతున్న షావుకారుని బతిమాలుకుంటూ వెంట నడిచాడు.

పెద్దావిడకి ఏడుపు కన్నా కోపమే ముందొచ్చింది. అంతా కూడబలుక్కున్నారు! కొత్త పట్టీ ముంచి గుండెలనిండా పీల్చింది. వీధిలోకి వెళ్ళి కాసేపు గాలి పీల్చుకుని వచ్చి మళ్ళీ చూసింది. పువ్వు పువ్వులా ఉంది, నీరు నీరులా ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత మంచి కలువ కలపలేదు తను.

పట్టీని చిన్నావిడ మొహమ్మీదికి తోసింది. ఏడాదిలో ఆమెతో అన్న మొదటి మాట అదే.

"దోసకాయ ఎక్కడుందే ఇందులో?"

చిన్నావిడ కొంగుతో ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది.