చిన్న డిస్కు ఆడే ప్లేయర్

పుంగనూరు బస్టాండు దగ్గర నిలబడి "వీడియో బాబ్జాన్ ఇల్లు యాడ?" అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆయన వీడియోలు తీయడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు జిరాక్సు మిషను ఒకటి, పాస్‌పోర్టు ఫోటోలకు ఒక నీలం గుడ్డ పెట్టుకుని కూర్చున్నాడు. అయినా ఊరు ఆ పాత పేరు వదిలిపెట్టలేదు. ఆయన మా అక్క షకీలా భర్త. నేను అక్కను ఆపా అంటాను, ఆయనను దూలాభాయ్ అంటాను. నా పేరు యాస్మిన్, కుప్పంలో తెలుగు టీచరును. మా ఇళ్లలో ఉర్దూ, తెలుగు కలగలిపి మాట్లాడుకుంటాం. పిల్లలకు వ్యాకరణం చెప్పి చెప్పి నాకు రెండో భాషే చేతికి వస్తుంది కాబట్టి ఇదంతా తెలుగులోనే రాస్తున్నాను.

దూలాభాయ్ కుర్రతనంలో ఒక ఫోటో స్టూడియోలో నెగెటివ్‌లు కడిగేవాడు. తర్వాత సొంతంగా వీడియో కెమెరా కొన్నాడు. చౌడేపల్లె, కలికిరి, పెద్దమండ్యం, అటు కుప్పం దాకా ఆయన కెమెరా దూరని పెళ్లిపందిరి లేదు. పెళ్లంటే ఆయనకు అయ్యగారూ లెక్క కాదు, ఖాజీసాబూ లెక్క కాదు. "ఇంగొకసారి పొయ్యండమ్మా, లైటు ఆరిపోయింది" అని తలంబ్రాలు రెండోసారి పోయించిన ఘనుడు. పెళ్లికొడుకులు కట్టిన తాళి మీద చెయ్యి పెట్టి మళ్లీ కట్టినట్టు నటించేవాళ్లు. ఎవరూ కోప్పడేవారు కాదు. అంత మర్యాదగా అడిగేవాడు.

అయితే ఆయన పనితనంలో ఒక పద్ధతి ఉండేది. మిక్సింగుకు కూర్చోగానే మొట్టమొదట చేసే పని, వీడియోలో ఉన్న మాటలన్నీ తుడిచేయడం. ఆ తర్వాత ముహూర్తానికి ఒక సినిమా పాట, భోజనాలకు ఒక పాట, అప్పగింతలకు ఒక ఏడుపు పాట. "జనరేటరు మోత, పిల్లోళ్ల అరుపులు, ఎవురికి కావల్ల? పాట లేకుంటే సప్పగా ఉంటాది" అనేవాడు. జనం కూడా అదే అడిగేవారు. మా చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా పెళ్లి డిస్కు పెట్టి చూడండి, అందరూ నోళ్లు కదుపుతుంటారు, ఒక్కరి గొంతూ వినపడదు.

ముసల్మానుల పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపుకి ఆయనను రానివ్వరు కదా. అందుకని ఆపాకు చేతిలో ఇమిడే కెమెరా ఒకటి కొనిచ్చాడు. అందులో అరచెయ్యంత చిన్న డిస్కు పడుతుంది. ఆపా బురఖా విప్పి పక్కన పెట్టి, కొంగు నడుముకి దోపుకుని లోపలికి వెళ్లి మెహందీ, పెళ్లికూతురు, ముసలమ్మల దీవెనలు అన్నీ తీసుకొచ్చేది. ఎంత గలగలా మాట్లాడే మనిషంటే, ఉప్పు అప్పడగడానికి వెళ్లి అన్నం ఉడికేదాకా తిరిగొచ్చేది కాదు. అలాంటి మనిషికి దూలాభాయ్ నియమం పెట్టాడు.

"మాట్లాడితే చెయ్యి కదుల్తాది, బొమ్మ ఊగుతాది. కెమెరా పట్టుకుంటే నోరు మూసుకోవల్ల. మాట్లాడాల్సొస్తే ఆపేసి మాట్లాడు. డిస్కు కూడా మిగుల్తాది."

ఆపా సరేనంది. నేనైతే ఆ కెమెరాను ఆయన నెత్తిన కొట్టి ఉండేదాన్ని.

నా పెళ్లికీ ఆడవాళ్ల వైపు ఆపాయే తీసింది. కానీ ఆ వీడియో నేనింతవరకు చూడలేదు! ఊరందరి పెళ్లిళ్లకూ మిక్సింగు చేసిన మనిషి, "మన ఇంటిదే కదా, తర్వాత సేద్దాంలే" అంటూ నా పెళ్లి మాత్రం చేయలేదు. ఆ చిన్న డిస్కులు తుడిచి మళ్లీ వాడుకునే రకం. పని ఒత్తిడిలో నాది కూడా తుడిచేసి ఉంటాడని తీర్మానించుకుని, ఏళ్ల తరబడి ప్రతి రంజానుకూ ఆయన్ను దెప్పాను. ఆపా నవ్వేది.

పోయిన ఏడాది వానలప్పుడు ఆపా పోయింది. గుండెపోటు. బియ్యం చేటలో పోసుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట.

దూలాభాయ్ ఏడవలేదు. నాలుగో రోజే కొట్టు తెరిచి ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు తీశాడు. జనం ఏదో అనుకున్నారు. నేను కూడా అనుకున్నాను. తీరా కుప్పం తిరిగొచ్చి చూసుకుంటే నాకూ ఏడుపు రాలేదు. బడికి వెళ్లాను, పేపర్లు దిద్దాను, చారు పెట్టాను. లోపల ఏదో చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉండేది, గిల్లినా తెలియదు.

ఒకరోజు ఆపా గొంతు తలుచుకోబోతే రాలేదు. ముఖం వస్తోంది, నవ్వితే పన్ను మీద పన్ను కనపడుతోంది, గొంతు మాత్రం లేదు. ఆపాది బటన్ల ఫోను. అందులో మాటలు దాచుకునే ఏర్పాటు లేదు. అప్పుడు ఇంకొకటి కూడా తెలిసొచ్చింది. నా పెళ్లిరోజు, నిఖాకి ముందు భయంతో చేతులు చల్లబడిపోయి కూర్చుంటే, ఆపా నా దగ్గరికొచ్చి ఒక మాట చెప్పింది. ఆ మాటతో నా భయం పోయింది. ఆ మాట ఏమిటో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే సిగ్గు.

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున దూలాభాయ్ ఫోను చేశాడు.

"యాస్మిన్, మీ అక్క కుట్టు మిషను సొరుగులో డిస్కు దొరికింది. నీ పెళ్లిది."

"తుడిచేసినావు కదా!"

"నేను తుడిచేస్తానని దాచిపెట్టినట్టుండాది. నీ పేరు రాసి, గుడ్డలో సుట్టి, దారపుండల కింద పెట్టింది." మళ్లీ తనే, "పాటలు ఎయ్యనిది అమ్మా. మాటలు అట్లే ఉంటాయి" అన్నాడు.

నేను లీవు పెట్టి పుంగనూరు బస్సెక్కాను.

వెళ్లేసరికి తెలిసిందేమిటంటే, డిస్కు ఉంది కానీ దాన్ని ఆడించే వస్తువు లేదు. ఆ కెమెరా ఎప్పుడో పాడైపోయింది. ఆయన పాత కంప్యూటరు తుప్పు పట్టింది. ఇంట్లో ఉన్న ప్లేయరు మూత తెరుచుకోదు. "మదనపల్లెలో ఎవురికన్నా ఇస్తే పెన్‌డ్రైవులో ఎక్కించిస్తారు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆడోళ్ల డిస్కు. ఎవుడి కంప్యూటర్లోనో పెడితే ఆడ ఉండిపోతాది. మీ అమ్మ ఉండాది, మీ పిన్నమ్మలు ఉండారు, తల మీద కొంగు లేకుండా. వద్దు. మనింట్లో టీవీకి తగిలించుకునే ప్లేయరే కావల్ల."

ఆయన అన్నది నిజమే. అలాంటి డిస్కు ఒక్కటి కూడా బయట పడకుండా చూసుకున్నాడు కాబట్టే అన్ని ఇళ్లవాళ్లు ఆపాను లోపలికి పిలిచేవారు.

పుంగనూరులో ఉన్న టీవీ కొట్లన్నీ తిరిగాం. డీవీడీ ప్లేయరు అనగానే ముఖం చూసి నవ్వారు. "ఇప్పుడెవురు కొంటారు భాయ్, అన్నీ ఫోన్లోనే కదా" అన్నాడొకడు. ఇంకొకడి దగ్గర ఉంది కానీ, డిస్కును సందులోకి తోస్తే లాక్కునే రకం. దూలాభాయ్ దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. చిన్న డిస్కు అందులోకి పోతే మళ్లీ బయటికి రాదట.

మర్నాడు మదనపల్లె వెళ్లాం. అక్కడ మునిచంద్ర అని దూలాభాయ్‌కి పాత స్నేహితుడు, ఎలక్ట్రానిక్సు కొట్టు ఉంది. మమ్మల్ని చూడగానే స్టూళ్లు వేసి టీ తెప్పించాడు. ఆపా గురించి ఏదో అనబోయి, దూలాభాయ్ ముఖం చూసి ఆగిపోయాడు. దూలాభాయ్ గుడ్డసంచి విప్పి డిస్కులు బల్ల మీద పరిచాడు. పాత వీసీడీ ఒకటి, మనం ఎక్కించుకునే డీవీడీల్లో ప్లస్సు రకమొకటి, మైనస్సు రకమొకటి, పాటల డిస్కు, ఆపా కెమెరాతోనే ఆయన ఎప్పుడో తీసిన చిన్న డిస్కు ఒకటి. నా పెళ్లి డిస్కు మాత్రం చొక్కా జేబులో ఉంది.

మునిచంద్ర మూత ఎత్తితే చిన్న తెర ఉండే ప్లేయరొకటి తీశాడు. వీసీడీ ఆడింది. మైనస్సు ఆడింది. ప్లస్సు పెడితే గుర్రుగుర్రుమని తిరిగి డిస్కు లేదంది.

"అన్నా, నువ్వాడించల్లన్నది చిన్నదే కదా. మిగతా రకాలతో పనేముండాది?" అన్నాడు మునిచంద్ర.

నాకూ అదే మంట. "ఏదో ఒకటి తీసుకోరాదా దూలాభాయ్? సంబంధం చూస్తాండావా ఏంది!"

"ఆ కెమెరాలో ఎక్కించేదానికి రెండు మూడు రకాలు ఉండాయమ్మా. మీ అక్క యా రకం పెట్టిందో నాకు తెలీదు. అన్ని రకాలూ ఆడేదైతే భయం ఉండదు."

"బాక్సు మీద అన్నీ ఆడతాయనే రాసుండాదన్నా."

"బాక్సు మాట నమ్మేదానికి లేదప్పా. పెట్టి సూడల్ల."

"అట్లైతే ఆ జేబులో ఉండేదే పెట్టి సూడరాదా?"

దూలాభాయ్ చెయ్యి జేబు మీదికి వెళ్లింది. "అది ఆడోళ్ల డిస్కప్పా" అన్నాడు. మునిచంద్ర "సరే సరే" అని లోపలికి వెళ్లి, పై అరలో దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టె దించుకొచ్చాడు. ఎప్పటిదో అమ్ముడుపోని సరుకు. బరువైన ప్లేయరు, ముందుకి తెరుచుకునే పళ్లెం, పళ్లెం మధ్యలో చిన్న డిస్కుకి వేరే గుంట. దూలాభాయ్ ఆ గుంటను వేలితో తడిమాడు.

వీసీడీ, మైనస్సు, ప్లస్సు, పాటలు అన్నీ ఆడాయి. చివరికి చిన్న డిస్కు పెట్టాడు. తెర మీద పెళ్లిబట్టల్లో చౌడేపల్లె హనుమంతప్ప, పక్కన ఆయన పొట్టి ఆవు. వెంటనే డిస్కులోంచి దూలాభాయ్ గొంతు కొట్టంతా మోగింది. "పక్కకు జరుగు హనుమంతప్పా, ఆవు కనపడల్ల. పెళ్లి ఆవుకా, నీకా?" "రెండిటినీ తియ్ భాయ్" అంది దూరం నుంచి హనుమంతప్ప గొంతు. మునిచంద్ర పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. దూలాభాయ్ నవ్వలేదు, నా వైపు తిరిగాడు.

"విన్నావా? హనుమంతప్ప గొంతు లోతుగా వస్తాండాది. నాది దగ్గరగా ఉండాది. మైకు కెమెరాలోనే ఉంటాది కదా, ఎవురు పట్టుకోనుంటే వాళ్ల గొంతే గట్టిగా పడతాది."

అప్పుడు అర్థమైంది నాకు ఆయన అన్ని కొట్లు ఎందుకు తిప్పాడో. ఆయనకూ ఆపా గొంతే కావాలి. నా చేతులు పెళ్లిరోజున చల్లబడినట్టు చల్లబడ్డాయి. ఆ ప్లేయరే తీసుకున్నాం. బస్సులో ఆయన దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికెళ్లి వైర్లు తగిలించేసరికి మధ్యాహ్నం నమాజు అయిపోయింది. వీధి తలుపు గడియ పెట్టి, కిటికీ పరదా లాగాడు. డిస్కును బనీనుతో తుడిచి పళ్లెంలో పెట్టాడు. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. బొమ్మ వచ్చింది.

మా పాత ఇంటి నడవా. గాజుల చప్పుడు, పిల్లల ఏడుపు, ఎవరో డోలకు వాయిస్తున్నారు. పోయినవాళ్లందరూ మాట్లాడుతున్నారు. అమ్మ, "యాస్మిన్ సన్నబడింది, సరిగ్గా తినడం లేదు" అంటోంది. అమ్మ గొంతు విని కూడా నేను కదల్లేదు. ఆపా గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. దూలాభాయ్ సౌండు పెంచుకుంటూ పోయాడు.

ఆపా మాట్లాడలేదు. ముసలమ్మలు దీవించారు, పిల్లలు కెమెరాలోకి నాలుకలు చాపారు, ఎవరెవరో "షకీలా, ఇటు రా", "షకీలా, నన్ను తియ్" అని పిలిచారు. బొమ్మ ఎవరు పిలిస్తే వాళ్ల వైపు తిరిగింది, ఒక్క బదులు కూడా వినపడలేదు. అన్నింటికంటే దగ్గరగా ఒక చప్పుడు మాత్రం పడింది. మొదట డిస్కు గీత అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది ఊపిరి.

చివర్లో నేను వచ్చాను. ఎర్ర చీర, ముఖం పాలిపోయి ఉంది. తెర మీది నేను తలెత్తి అన్నాను, "ఆపా, అందరి చేతా మాట్లాడిస్తాండావు. నువ్వూ ఏమన్నా చెప్పు."

బొమ్మ అటూ ఇటూ ఊగింది. కెమెరా వెనక ఆపా తల అడ్డంగా ఊపుతోంది.

"ఒక్క మాట ఆపా. నాకు భయంగా ఉండాది."

ఊపిరి ఒకసారి గట్టిగా లోపలికి పోయింది. నేను టీవీ ముందు మోకాళ్ల మీద లేచాను. తెర నల్లబడింది. వెంటనే మళ్లీ వెలిగింది. వెలిగేసరికి నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాను. జారిన నా కొంగు ఎవరో తల మీదికి సర్దేశారు. అమ్మ, "ఇంక పదండి, ఖాజీసాబ్ వచ్చినాడు" అంటోంది. అంతటితో డిస్కు అయిపోయింది.

"ఆపేసి మాట్లాడింది," అన్నాడు దూలాభాయ్.

నాకు అరవాలనిపించింది. నువ్వే కదా చెప్పింది, నోరు మూసుకోమని నువ్వే కదా అని ఆయన చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. ఆయన ముఖం చూశాక మానుకున్నాను. ఆయన వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ బొమ్మ అటూ ఇటూ ఊగింది, మళ్లీ ఊపిరి, మళ్లీ నలుపు. ఆ నలుపు మీద ఆపి, నా వైపు తిరిగాడు.

"ఈడ ఏం చెప్పిందమ్మా నీకు?"

ఆపా పోయిన తర్వాత ఆయన నన్ను ఆపా గురించి అడిగిన మొదటి మాట అది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే కదా, నాకు తెలిసే ఉంటుందని అడిగాడు.

"గుర్తు లేదు దూలాభాయ్" అన్నాను.

ఆయన తలూపాడు. రిమోట్ తీసుకుని డిస్కును మళ్లీ మొదటికి పెట్టాడు.