కోడలి విశ్రాంతికి నేను రాసిన పర్మిట్లు

ఆ రోజు మంగళవారం. ఉదయం ఏడూ నలభైకి పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతూ మా కోడలు సుజాత ఛాతీ పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఊపిరి ఆడడం లేదంది. అలా అంటూనే చిన్నవాడికి సాక్సులు తొడిగింది. ఈ రెండు సంగతులూ నా డైరీలో ఒకే వరుసలో ఉన్నాయి.

మేముండేది బోధన్‌లో. సుజాత, మా అబ్బాయి రమేశ్ రోజూ బస్సులో నిజామాబాద్ వెళ్లి ఉద్యోగాలు చేస్తారు. వాళ్ల కూతురికి ఐదేళ్లు, కొడుకుకి మూడు.

ఆస్పత్రిలో ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. బీపీ మాత్రం 150/100. స్ట్రెస్ అనీ, తగ్గకపోతే ట్యాబ్లెట్ మొదలుపెట్టాలనీ డాక్టరమ్మ చెప్పింది. రోజులో నీకోసం ఎంత టైం ఉంటుందని అడిగింది.

"సీటు దొరికితే బస్సుల ఇరవై నిమిషాలు మేడం" అంది సుజాత.

నేను ఊరుకోలేకపోయాను. చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు గుమస్తాగా, ఏ రైతు ఏ రోజు చెరకు కోయాలో పర్మిట్లు రాసినవాణ్ని. పర్మిట్ లేని బండి గేటు దాటేది కాదు. అదే పద్ధతిలో సుజాతకు విశ్రాంతి పర్మిట్లు రాసి ఫ్రిజ్‌కు అంటించాను. సాయంత్రం 6.40 నుంచి 7.10 వరకు, కుర్చీ. నేను వాచీ పట్టుకుని నిలబడేవాణ్ని. ఆమె స్టవ్ ఆపి పరుగెత్తుకొచ్చి కూర్చునేది. ఒళ్లో చిన్నవాడు, వీపు మీద పెద్దది. ఆలస్యమైతే ఎర్ర సిరాతో రాసేవాణ్ని.

మూడు వారాలకు బీపీ 160 అయింది.

డాక్టరమ్మ నా డైరీ తిరగేసింది. "రాత మంచిగుంది పెద్దయ్యా. గా అరగంట పిల్లలు ఎవరి దగ్గర ఉంటుండ్రు?"

దానికి డైరీలో గడి లేదు. పక్క గడిలో నా సాయంత్రాలున్నాయి: ఐదు నుంచి ఆరున్నర, మళ్లీ ఏడుంబావు నుంచి ఎనిమిది, చాయ్ హోటల్, క్యారమ్స్. సుజాత అది చదివింది.

"మీ పర్మిట్ ఎవరు రాసిండ్రు మామయ్యా?"

నేను నవ్వబోయాను. ఎవరూ నవ్వలేదు. రమేశ్ గోడకున్న గుండె బొమ్మను శ్రద్ధగా చూడసాగాడు.

ట్యాబ్లెట్ మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ ఇంకొక నెల గడువిచ్చింది. మర్నాటి నుంచి రోజూ ఆరింటికి పిల్లలిద్దరినీ గంటసేపు చాయ్ హోటల్‌కు తీసుకుపోయాను. వంట రమేశ్‌ది. మొదటి రోజే చిన్నవాడు స్ట్రైకర్‌ను నా ఫ్యాక్టరీ దోస్తు గౌస్ భాయ్ చాయ్‌లో వేశాడు. ఆయన దాన్ని చెంచాతో తీసి, "వీళ్లకన్న ఫ్యాక్టరీ నడుపుడే నయముండె" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే సుజాత ఆ గంటలో బట్టలు ఉతికేసింది. వారం తర్వాత గానీ కూర్చోలేదు. పదో రోజున నిద్రపోయింది.

నెలకు బీపీ 128/84. ట్యాబ్లెట్ అవసరం పడలేదు. నా బీపీ మాత్రం 142. మీకేం స్ట్రెస్ అని డాక్టరమ్మ అడిగితే పిల్లల పేర్లు చెప్పాను.

నేను చెప్పగలిగేది ఒక్కటే. చిన్నపిల్లల తల్లికి విశ్రాంతి తీసుకోమని చెప్పకండి. పిల్లల చెప్పులు వెతికి, తొడిగి, బయటికి తీసుకెళ్లండి. తిరిగొచ్చాక ఏం చేశావని అడగకండి. నేను అడగను. నా డైరీలో ఆ గంట గడి ఖాళీగా ఉంటుంది.