వేరు కంచం, ఒకే బ్లేడు

మొన్న మా మేనకోడలు కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది. నెల తప్పిందని ఆస్పత్రికి వెళితే, ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్ బి ఉందా అని అడిగారట. పక్కన ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించి, "ఏం జెప్పాలె మామా?" అంది. "మీ నాయినకున్నదని గట్టిగ జెప్పు. దాచుడు మీ నాయినకు అలవాటు లేదు" అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మా బావే కళ్ళ ముందు మెదిలాడు.

అప్పట్లో ఒమన్‌లోని అల్ హైల్‌లో ఒక పెయింట్ దుకాణం వెనక ఉండేది మా రూమ్. నన్ను అక్కడికి తెచ్చి తాపీపనిలో పెట్టింది బావే. మనిషి బక్కపలచన, గురక మాత్రం పహిల్వాన్‌ది. మెస్సులో వంట మా అందరికన్నా పెద్దవాడైన కాకది. ఉప్పు సంగతి తనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. శుక్రవారం వస్తే మాకు రెండు పండుగలు. పొద్దున్నే కిటికీకి అద్దం తగిలించి, ఒకే రేజర్‌తో, అందులో ఒకే బ్లేడుతో, పెద్దవాళ్ళ నుంచి మొదలుపెట్టి వరసగా అందరం గడ్డాలు గీసుకునేవాళ్ళం. మధ్యాహ్నం కాక వండిన బిర్యానీని, పక్కింటి ఒమనీలను చూసి నేర్చుకున్నట్టు, ఒకే పెద్ద పళ్ళెంలో పోసుకుని చుట్టూ కూర్చుని తినేవాళ్ళం.

ఒకసారి సైట్‌లో ఒక బెంగాలీ కార్పెంటర్ పైనుంచి పడ్డాడు. రక్తం కావాలనగానే బండెక్కిన మొదటి మనిషి బావ. కొన్నాళ్ళకు ఆస్పత్రివాళ్ళు పిలిచి, నీ రక్తంలో హెపటైటిస్ బి ఉందన్నారు. ఇంకొకరైతే ఆ మాట కడుపులోనే దాచుకునేవారు. బావ రూమ్‌కు వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అందరికీ చెప్పేశాడు.

"కామెర్లు! ఎంగిలి తగిల్తె అంటుకుంటయి" అన్నాడు కాక. అంతే, బావకు కంచం వేరు, గ్లాసు వేరు. భోజనం గుమ్మం దగ్గర. ఊరి నుంచి ఎవరో పసరు తెచ్చిచ్చారు. డాక్టర్ వద్దన్నాడని బావ తాగలేదు. దాంతో రూమ్‌లోవాళ్ళకు ఇంకా కోపం వచ్చింది. నెలాఖరుకల్లా రూమ్ ఖాళీ చెయ్యకపోతే కంపెనీకి చెప్తామన్నారు. కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపేస్తారని మా అందరి భయం. ఇద్దరు ఆడపిల్లల చదువు బావ డ్యూటీ మీదే నడుస్తోంది. నాకు అన్నం సహించలేదు. బావ మాత్రం గుమ్మం దగ్గరే కూర్చుని, పులుసు బాగుందని కాకను మెచ్చుకుంటూ తినేవాడు.

శుక్రవారం వచ్చింది. కాక గడ్డం గీసుకుని, అలవాటు చొప్పున, రేజర్ బావ చేతికి అందించాడు. వయసులో ఆయన తర్వాత బావే మరి! కంచానికి వచ్చిన భయం బ్లేడుకు రాలేదు.

బావ అందుకోలేదు. "కాకా, నా కంచంల తింటె నీకేం గాదు. నెత్తురంటిన బ్లేడుతోని అంటుకుంటదని డాక్టర్ జెప్పిండు. ఇన్నేండ్లు అందరం గిదే రేజర్ వాడినం. నన్ను ఎల్లగొట్టుడు తర్వాత జూద్దురు గని, ముందుగాల మీరందరు పరీక్ష చేపిచ్చుకోండ్రి" అన్నాడు.

అందరి చేతులూ గడ్డాల మీదికి పోయాయి. తనను పొమ్మన్నవాళ్ళను బావే వెంటబెట్టుకుని క్లినిక్‌కు తీసుకుపోయాడు. సూదికి భయపడ్డవాళ్ళ చెయ్యి కూడా ఆయనే పట్టుకున్నాడు. మా అదృష్టం బాగుండి అందరికీ ఏమీ లేదన్నారు, ఒక్క కాకకు తప్ప. పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉండవచ్చు, ఎప్పుడని చెప్పలేం, క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉండమన్నాడు డాక్టర్. మిగతా మాకు టీకాలు మొదలుపెట్టారు.

తర్వాతి శుక్రవారం కాక బిర్యానీ వండి, పళ్ళెం మధ్యలో పెట్టి, తను ఒక కంచం తీసుకుని గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు. తల ఎత్తలేదు. బావ ఇప్పుడైనా ఒక మాట అంటాడనుకున్నాను. ఆయన అనకపోతే అందామని నేనూ ఒకటి సిద్ధం చేసుకున్నాను. బావ లేచి, కాక రెక్క పట్టుకుని తెచ్చి పళ్ళెం ముందు కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు.

"తిను కాకా, సల్లారుతది" అని తనే మొదట చెయ్యి పెట్టాడు. కాక ఏడుస్తూనే ముద్ద కలిపాడు. ఇద్దరూ మా వైపు చూశారు. నేను కూర్చున్నాను. కాసేపటికి ఇంకొకరు, ఆ తర్వాత అందరూ. రూమ్ ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

ఒమన్‌లో ఇన్నేళ్ళు ఎలా గడిచిపోయాయో చెప్పలేను గానీ, వాళ్ళిద్దరూ ఆ పళ్ళెం ముందు కూర్చుని మాకోసం చూసిన ఆ కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.