పదకొండు మందికి తెరిచిన కోట

ఒంటరిగా బతికే మనిషిని చూసి లోకం ఒక మాట అంటుంది: తన చుట్టూ తానే కోట కట్టుకున్నాడని. ఈ మాటలో సానుభూతి కన్నా సౌకర్యం ఎక్కువ. గోడ కట్టుకున్నది లోపలివాడే అయితే, బయటివాళ్ళకు తలుపు తట్టవలసిన బాధ్యత ఉండదు. తరతరాలుగా అంటున్న మాట కనుక నిజమే అయివుంటుందని ఊరుకుంటాం. కోటలను దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ. ఒంటరివాళ్ళను దగ్గరగా చూసినవాళ్ళు ఇంకా తక్కువ.

అమెరికాలోని పిస్కాటవేలో ఉండే వసుమతి గురించి కూడా ఆమె స్నేహితులు ఈ మాటే అనేవారు, ప్రేమగానే. ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. ఒక మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో పని. ఇతరులు రాసిన నివేదికలు చదివి, అంకెల్లో పొరపాటు ఉంటే ఎర్రగీత పెట్టి వెనక్కు పంపడం ఆమె ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదనీ అనుకోలేదు. సంబంధాలు వస్తున్న రోజుల్లో చదువూ వీసా తేలలేదు. అవి తేలేసరికి ఇంట్లోవాళ్ళు ఆ ఊసెత్తడం మానేశారు.

ఆమెకు చదువుకునే రోజులనుంచీ ఉన్న స్నేహాలు రెండు కుటుంబాలు. రవికుమార్, దేదీప్య ఒక జంట. లక్ష్మీపతి, సాయి ప్రియ మరొకటి. రెండిళ్ళలోనూ ఇద్దరేసి పిల్లలు. సెలవు దొరికితే అందరూ ఒకే వ్యానులో బయలుదేరేవారు, వెనుక రైస్ కుక్కరు, నెయ్యి సీసా, గోంగూర పచ్చడి. బస దగ్గర గదులు పంచుకునేటప్పుడు ఎవరో ఒకరు అనేవారు: "వసూ ఒక్కత్తే కదా, ఎక్కడైనా సర్దుకుంటుంది." అందులో అబద్ధం లేదు. ఆమె హాల్లో సోఫా మీద సర్దుకునేది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి దుప్పటి మడతపెట్టేది. ఫొటోలు తీసే పని కూడా ఆమెదే కావడంతో ఇన్నేళ్ళ యాత్రల్లో ఆమె వెళ్ళిందనడానికి సాక్ష్యం అంతంత మాత్రం.

కోటల మీద ఆమెకు మనసు పోవడానికి పెద్ద కారణమేమీ లేదు. అందరూ ఇళ్ళల్లో కూర్చున్న మహమ్మారి సంవత్సరంలో, స్పెయిన్ దేశపు కాటలోనియాలోని సెగార్రా అనే పల్లెప్రాంతంలో ఎవరో నడుస్తూ తీసిన వీడియోలు ఆమెకు దొరికాయి. బార్లీ చేలు, బాదం చెట్లు, గుట్ట మీద పది ఇళ్ళు, వాటి నడుమ ఒక రాతి బురుజు. నడిచే మనిషి మాట్లాడడు. అడుగుల చప్పుడు, గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించవు. వెయ్యేళ్ళ క్రితం అది క్రైస్తవ ప్రభువుల నేలకూ ముస్లిం ఏలికల నేలకూ మధ్య సరిహద్దు. అందుకే అన్ని కోటలు. అవి చూడాలని ఆమె నిశ్చయించుకుంది. అయితే ఒంటరిగా చూడాలని అనుకోలేదు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత అందరూ దీన్ని తిరగేసి చెప్పారు.

ఆమెకు అమెరికా పౌరసత్వం వచ్చి నీలిరంగు పాస్‌పోర్టు చేతికందిన నెలలోనే, రవికుమార్ ఇంటి బేస్‌మెంటులో ఆదివారం భోజనాలప్పుడు సంగతి కదిపింది.

"స్పెయిన్‌లో కోటలా?" అన్నాడు రవికుమార్, పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుంటూ. "మా ఊరికి గంట దూరంలో కొండవీడు ఉంది. ముప్పై ఏళ్ళు పక్కనే ఉండి చూళ్ళేదు. ఇప్పుడు విమానమెక్కి వెళ్ళి రాళ్ళు చూడాలా తల్లీ?"

"అందుకే చూడమంటున్నా. ఉన్నవి ఎలాగూ చూడవు కదా."

"గట్లనే అడుగు!" అని లక్ష్మీపతి నవ్వాడు. "నువ్వు బుక్ చెయ్ వసుమతీ. మేం వస్తం. గింత సోంచాయించుడెందుకు?"

"బార్సెలోనాలో రెండు రోజులు షాపింగ్ పెడితే నేను రెడీ," అంది సాయి ప్రియ.

దేదీప్య మాత్రం పిల్లల కంచాలు తీసుకుని సింకు దగ్గరకు వెళ్ళిపోయింది.

మర్నాడు వాట్సాప్ గ్రూపులో వసుమతి తేదీలు పెట్టింది. నలుగురూ బొటనవేలు పైకెత్తిన బొమ్మలు పెట్టారు. వీళ్ళ మధ్య ఒక పద్ధతి ఉంది. చొరవ తీసుకున్నవాళ్ళు అందరి పేరుమీదా ముందు బుక్ చేసేస్తారు. వచ్చేదెవరో, రానిదెవరో తర్వాత తేలుతుంది. రామని ఎవరూ చెప్పరు. చెప్పకుండా ఉండడమే మర్యాద. ఆ పద్ధతి ప్రకారమే వసుమతి సెగార్రాలోని ఒక కోటకు రాసింది. అక్కడ టికెట్ కిటికీలు లేవు. తాళంచెవి ఆ ఊరి గైడు నూరియా దగ్గర ఉంటుంది. కనీసం నలుగురుంటేనే తలుపు తీస్తారు. రెండు కుటుంబాలూ కలిసి ఎనిమిది, రవికుమార్ దగ్గరకు వచ్చివున్న ఆయన అమ్మానాన్నలు ఇద్దరు, తను. మొత్తం పదకొండు మంది, అందరూ శాకాహారులే, భోజనం కూడా కావాలి అని రాసింది. మా అమ్మ వండుతుంది, రండి అని జవాబు వచ్చింది.

వసుమతి మరిచిపోయింది ఒకటుంది. కొత్త పాస్‌పోర్టు వచ్చినవాళ్ళే దాన్ని మరిచిపోగలరు. ఆ రోజు బొటనవేళ్ళెత్తిన నలుగురిలో ఒక్కరి దగ్గర కూడా దేశం దాటి, మళ్ళీ నిశ్చింతగా తిరిగి రావడానికి కాగితం లేదు. రవికుమార్ వాళ్ళ గ్రీన్‌కార్డు ఏళ్ళతరబడి పెండింగ్‌లో ఉంది, ప్రయాణ అనుమతి గడువు తీరింది. లక్ష్మీపతి వాళ్ళ పాస్‌పోర్టుల్లో వీసా ముద్రకు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆమె కూడా ఆ వరుసలో పదిహేనేళ్ళు నిలబడింది. వరుస దాటిన మర్నాటినుంచే ఆ వరుస కనబడడం మానేసింది.

ప్రయాణం దగ్గర పడ్డాక దేదీప్య ఫోన్ చేసింది. "వసూ, రవి పేపర్స్ ఇంకా రాలేదే. ఆయన లేకుండా అత్తయ్యగారు వాళ్ళూ రారు. నువ్వు ప్రియావాళ్ళతో కానిచ్చెయ్." ప్రియావాళ్ళేమో గ్రూపులో లక్ష్మీపతి ఆఫీసులో లేఆఫ్‌ల సంగతి రాసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అప్పటికి టికెట్ కొన్నది వసుమతి ఒక్కతే.

నూరియాకు ఆమె రెండు వాక్యాలు రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. ప్రతిరోజూ ఇతరుల అంకెలు దిద్దే మనిషికి, పదకొండును కొట్టేసి ఒకటి అని దిద్దడానికి చెయ్యి రాలేదు. ఆ అంకె అక్కడ అలా ఉన్నంతసేపూ, ఏదో ఒక అర్థంలో, పదిమంది తన వెంట ఉన్నట్టే ఉంది.

అద్దెకారులో ఆమె ఆ ఊరు చేరేసరికి పొద్దెక్కింది. కోట గుమ్మం ముందు నలభై ఏళ్ళ స్త్రీ, చేతిలో జానెడు ఇనుప తాళంచెవితో నిలబడి ఉంది. పక్కింటి వంటగదిలోంచి కాల్చిన వంకాయ వాసన.

"మిగతావాళ్ళు?" అంది నూరియా, నేర్చుకున్న ఇంగ్లీషులో.

"వెనక కారులో ఉన్నారు. వస్తున్నారు."

ఆ అబద్ధం ఎందుకాడిందో ఆమెకు వెంటనే తెలియలేదు. స్నేహితుల పరువు కాపాడడానికి అనుకుంది. ఇద్దరూ గోడనీడన కూర్చుని రోడ్డుకేసి చూశారు. ఒక ట్రాక్టరు వెళ్ళింది. కాసేపటికి సైకిలు మీద ఒక ముసలాయన వెళ్ళాడు. కారు వస్తున్న ప్రతిసారీ నూరియా లేచి నిలబడేది. మూడోసారి ఆమె లేవబోతుంటే వసుమతి మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎవరూ రారు. నాకు ముందే తెలుసు."

నూరియా ఆమెను ఓదార్చలేదు. "ఒక్క ఫోన్ చేసి ఉంటే మా అమ్మ నిన్నటినుంచీ ఇంత వండేది కాదు," అంది. అది నిజం. వసుమతి తలవంచుకుంది. నూరియా లోపలికి వెళ్ళి తల్లితో ఏదో మాట్లాడి వచ్చి, తాళం తీసింది. "నియమం నలుగురు. మీరు చాలా దూరంనుంచి వచ్చారు. పదండి."

నూరియా ఇంగ్లీషు, గుంపులకోసం కంఠస్థం చేసినది. అందులో మార్పులు చేసే వీలు లేదు. "ఇప్పుడు మీరందరూ ఎడమవైపు చూడండి," అనేది. వసుమతి ఎడమవైపు చూసేది. "అందరూ జాగ్రత్త, తలకు తగులుతుంది." వసుమతి వంగేది. "వెనకవాళ్ళకు వినబడుతోందా?" అన్నప్పుడు మాత్రం ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, నవ్వాలో వద్దో తేల్చుకోలేక ముందుకు నడిచారు.

బురుజు లోపల చల్లగా, ఇరుకుగా ఉంది. దాని అసలు ద్వారం నేలమీద లేదు, రెండు నిలువుల ఎత్తున ఉంది. ఒకప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కి, లోపలికి లాగేసుకునేవారట. పైకప్పు మీదికి చేరాక నూరియా వేలు చాచింది. చేల అవతల, పొగమంచు రంగులో, మరో బురుజు. దాని కుడివైపు దూరంగా ఇంకొకటి.

"ఒకటి చూస్తే ఇంకొకటి కనబడాలి. ఇక్కడ పొగ లేస్తే అక్కడివాళ్ళు చూడాలి. కనబడని చోట బురుజు కట్టి లాభం లేదు."

"ఇందులో ఒక్క మనిషే ఉంటే?" అంది వసుమతి.

ఈసారి నూరియా చెప్పింది కంఠస్థం చేసినది కాదు. "ఒక్కడే అయితే నిద్ర ఎప్పుడు పోతాడు?"

ఆ మాటతో వసుమతికి తన గురించి అందరూ అనే మాట గుర్తొచ్చింది. కోటను ఒంటరితనానికి గుర్తుగా చెప్పేవాళ్ళు దాన్ని బయటినుంచి మాత్రమే చూసి ఉంటారు. లోపల కాపలాకు ఒకరు, నిచ్చెనకు ఒకరు, పొయ్యికి ఒకరు కావాలి. గింజలు, గొర్రెలు, దగ్గే పిల్లలు ఉంటారు. మనిషికి మనిషి ఆనకపోతే అది ఒక రోజైనా నిలవదు. తన చుట్టూ ఉన్నది ఏదైనా కావచ్చు, కోట మాత్రం కాదు.

కింద బల్లమీద పదకొండు కంచాలు పరిచి ఉన్నాయి. ముసలావిడ, నూరియా తల్లి, వాటిని ఒక్కొక్కటే తీసి దొంతర పెట్టింది. మూడు మిగిల్చింది. పాలకూరతో వండిన శనగలు, కాల్చిన వంకాయలు, టమాటా రుద్దిన రొట్టె. ముగ్గురికీ ఉమ్మడి భాష లేదు. తినడం నెమ్మదిగా సాగింది. ముసలావిడ రెండుసార్లు మారు వడ్డించింది, కోపం పోయిందనడానికి మాత్రం ఏ ఆనవాలూ లేదు.

తర్వాతి రోజుల్లో వసుమతి మరికొన్ని కోటలు చూసింది, అన్నీ బయటినుంచే. ఒకదానిలో ఎవరో కాపురముంటున్నారు, కిటికీలో తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. ఇంకొకదానికి కప్పు లేదు, పావురాలున్నాయి. సాయంత్రాలు ఆమెకు భరించడం కష్టమైంది. ఒకనాడు బాగున్నదాన్ని బాగుందని చెప్పడానికి పక్కకు తిరిగి, ఎవరూ లేక, మళ్ళీ గోడవైపు తిరిగింది. ఏకాంతంలో ఆత్మ వికసిస్తుందని చెప్పేవాళ్ళు ఆ సాయంత్రం గురించి ఏమంటారో తెలియదు. ఆమెకు ఆకలి వేసింది, చలి వేసింది, అంతే.

తిరిగొచ్చాక బేస్‌మెంటులో టీవీ మీద ఫొటోలు చూపించింది.

"ఏంటి, ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు?" అన్నాడు రవికుమార్.

"తియ్యడానికి ఎవరున్నారు?"

"అబ్బ, సోలో ట్రిప్!" అంది సాయి ప్రియ. "ఎంత లక్కీ వసూ నువ్వు. మాకా ఫ్రీడమ్ ఏదీ?"

"వసుమతికి అట్ల ఒక్కతే తిరుగుడే ఇష్టం," అన్నాడు లక్ష్మీపతి, తీర్పు చెప్పినట్టు. "నెక్స్ట్ ఇయర్ అందరం పోదాం. గైడు ఫ్రీ. వసుమతీ, బుక్ చేసెయ్."

మళ్ళీ బొటనవేళ్ళు లేచాయి. వసుమతి నీళ్ళకోసమని పైకి వెళ్ళింది. వంటగదిలో దేదీప్య కాఫీకి పాలు పెడుతోంది.

"నిజం చెప్పు, బాగుందా?"

"సగం బాగుంది."

దేదీప్య మంట తగ్గించింది. "మేం రాలేమని ఆ రోజే తెలుసు నాకు."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? బయటికెళ్తే తిరిగొస్తామో లేదో తెలీదని, పిల్లల ముందా? నీకు పాస్‌పోర్ట్ వచ్చిన నెలలోనా? ఆయన ఆ బొమ్మ పెట్టాక రెండ్రోజులు వీడియోలు చూస్తూ కూర్చున్నాడు వసూ. నిజంగానే వెళ్తున్నట్టు."

 ఇన్నాళ్ళూ గోడ వసుమతి చుట్టూ ఉందని వాళ్ళన్నారు, తనూ నమ్మింది. వాళ్ళ చుట్టూ ఉన్నదాన్ని ఎవరూ కోట అనలేదు, కాపురం అన్నారు. కానీ ఆ తెలివిడివల్ల ఆమె ఒంటరితనమేమీ తగ్గలేదు. అది కూడా ఒప్పుకోవాలి.

"చెప్పి ఉండాల్సింది," అంది వసుమతి. "ముసలావిడ ఊరికే అంత వండింది."

"నువ్వు చెప్పి ఉండాల్సింది ఆవిడకి."

"అవును."

పాలు పొంగాయి. ఇద్దరూ కాఫీ కప్పులు కిందికి తీసుకెళ్ళారు. అక్కడ వసుమతి, అందరూ వినేలా, వచ్చే ఏడు తను ఎవరికోసమూ బుక్ చెయ్యనని చెప్పింది. రాగలిగినవాళ్ళు టికెట్ కొని తనకు చూపిస్తే సంతోషంగా కలిసి వెళ్తానంది. కోపమొచ్చిందా అని లక్ష్మీపతి అడిగాడు. రాలేదంది.  ఆటలో ఉన్న పిల్లలు భోజనానికి వచ్చారు.

ఆదివారాలు ఆమె ఇప్పటికీ అక్కడికి వెళ్తోంది. చలికాలంలో నూరియాకు రాసింది. ముందు మీ అమ్మగారికి క్షమాపణలు, తర్వాత వసంతంలో మళ్ళీ రావాలని ఉంది, ఒక్కదాన్నే, అని. ఒక్కరికోసం తెరవడం కుదరదని, ఏప్రిల్లో ఫ్రాన్స్ నుంచి ఏడుగురు రిటైరైన టీచర్లు వస్తున్నారని, ఇష్టమైతే వాళ్ళతో కలుపుతానని, కానీ పర్యటన అంతా ఫ్రెంచిలో సాగుతుందని నూరియా జవాబిచ్చింది. వసుమతికి ఫ్రెంచి రాదు. కలపమని రాసింది.