చివర్నుంచి వచ్చే హిల్డా గారు

హిల్డా ఫ్రీజన్ గారు ఏ పనైనా చివర్నుంచే మొదలుపెడతారు. ఫ్యాకల్టీ క్లబ్బులో ముందు రూబార్బ్ పై అనే తీపి వంటకం తినేసి, ఆ తర్వాత సూప్ తెప్పించుకుంటారు. అపరాధ పరిశోధన నవల చేతికిస్తే ఆఖరి పేజీ తిరగేసి, "ఓహో, వంటమనిషా చంపింది! ఇక హాయిగా చదువుకోవచ్చు" అంటారు. హాకీ ఆటకు వెళ్తే, జనం ఇళ్ళకు పోవడానికి కోట్లు తొడుక్కునే వేళకు ఆవిడ లోపలికి వస్తారు. ఇదేం చోద్యమండీ అని ఎవరైనా అడిగితే, "ఎక్కడ తేలాలో తెలియకుండా బయల్దేరేవాళ్ళను చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి" అంటారు.

ఇవన్నీ ఆవిడ సొంత వ్యవహారాలైతే ఎవరికీ పేచీ ఉండేది కాదు. కానీ కెనడా దేశపు మానిటోబాలోని ఆ యూనివర్సిటీలో ప్రొఫెసర్లకు పాఠం చెప్పడం నేర్పే కేంద్రానికి ఆవిడే పెద్ద. పాఠాలు చెప్పేవాళ్ళకు మళ్ళీ పాఠాలేమిటని మూతి ముడిచేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. ఆ కేంద్రం లైబ్రరీ నేలమాళిగలో, బాయిలర్ గది పక్కన ఉంది. అవసరం పడ్డ ప్రొఫెసర్లు అటూ ఇటూ చూసుకుని, ఎవరూ లేరనుకున్నాక గబగబా మెట్లు దిగేవారు.

నేల శాస్త్రం చెప్పే ఓరెస్ట్ బొహాచుక్ ఆవిణ్ణి మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరిన రోజునే. కొత్తగా వచ్చినవాళ్ళకు ఏటా ఆగస్టులో హిల్డా గారు చిన్న విందు ఇస్తారు. ఓరెస్ట్ గదిలో అడుగు పెట్టేసరికి బల్లమీద పెద్ద కేకు ఉంది. దానిమీద క్రీముతో, "ఇన్నేళ్ళ సేవకు ధన్యవాదాలు. ఇక సుఖంగా విశ్రాంతి తీసుకోండి" అని రాసుంది.

ఓరెస్ట్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమండీ, నేను ఈ పొద్దున్నే కదా చేరాను!"

"తెలుసు నాయనా. ఇది నీ పదవీ విరమణ సభ. ముప్పై ఏళ్ళ తర్వాత నీ శిష్యుడొకడు లేచి నీ గురించి ఏం చెప్పాలో ఇప్పుడే చెప్పు. ఆ ముప్పై ఏళ్ళూ దానికి తగ్గట్టు పని చేసుకుపోదువుగాని."

ఓరెస్ట్ కేకుమీది అక్షరాలు మళ్ళీ చదివాడు. "ఆయన ఎప్పుడూ టైముకి వచ్చేవాడు... అంటే చాలండి" అని నసిగాడు. హిల్డా గారు అతనికేసి జాలిగా చూసి, పెద్ద ముక్క కోసి పళ్ళెంలో పెట్టి, "తిను నాయనా, తిను" అన్నారు.

నాలుగేళ్ళు గడిచాయి. ఓరెస్ట్ నిజంగానే టైముకి వచ్చేవాడు. చిక్కంతా వచ్చిన తర్వాతే. మట్టంటే అతనికి ప్రాణం. ఆ ప్రాణం కొద్దీ ఇరవైనాలుగు అధ్యాయాల పుస్తకం పట్టుకుని, మొదటి అధ్యాయం మొదటి వాక్యం దగ్గర నడక మొదలుపెట్టేవాడు. కోర్సు ముగిసే వేళకు పదహారో పదిహేడో అధ్యాయంలో కూరుకుపోయి ఉండేవాడు. ఏ యేడు చూసినా ఇదే తంతు. పిల్లల్ని అభిప్రాయం అడిగితే, "సార్ స్క్రీనుతో చాలా బాగా మాట్లాడతారు. అప్పుడప్పుడు మాతో కూడా మాట్లాడితే సంతోషిస్తాం" అని రాశారు.

ఓ రోజు శాఖాధిపతి మ్యూరియల్ గాంట్ అతన్ని పిలిచింది. "చూడవయ్యా ఓరెస్ట్, ఏప్రిల్లో కమిటీ కూర్చుంటుంది. నీ ఉద్యోగం ఖాయం చెయ్యడమా, ఇంటికి పంపడమా, ఏదో ఒకటి తేల్చేస్తారు. పరిశోధనలో నీకు ఢోకా లేదు. పాఠం దగ్గరే వచ్చింది తంటా. ఈసారి హిల్డా నీ క్లాసు చూసి కమిటీకి చెప్పాలి. ముందు కిందికి వెళ్ళి ఆవిణ్ణి పట్టుకో."

"నేలమాళిగకా మేడం?"

"నేల శాస్త్రం చదివినవాడివి, నేల కిందికి దిగడానికి నామోషీ ఏమిటి?"

ఆ రాత్రి ఓరెస్ట్‌కు అన్నం సయించలేదు. భార్య లారిసా ఆ ఊళ్ళోనే నర్సు. ఇక్కడ ఉద్యోగం పోతే మట్టి చదువు చదివినవాణ్ణి ఎవరు రమ్మంటారు? ఒకవేళ రమ్మన్నా దేశానికి ఆ కొసన ఎక్కడో రమ్మంటారు. మర్నాడే మెట్లు దిగాడు. ఈసారి అటూ ఇటూ చూసుకునే ఓపిక కూడా లేదు.

హిల్డా గారు అతన్ని చూడగానే, "ఉంటాను మరి, మళ్ళీ కలుద్దాం" అన్నారు. అది ఆవిడ పలకరింపు. ఓరెస్ట్ కూర్చున్నాడు.

"చివర్నుంచి రా నాయనా. కోర్సు అయ్యేసరికి నీ పిల్లలు ఏం చెయ్యగలగాలి?"

"మట్టిని అర్థం చేసుకోవాలండి."

"అర్థమైందని నీకెలా తెలుస్తుంది? మొహాలు వెలుగుతాయా?"

"పరీక్ష పెడతానండి. నిర్వచనాలు అడుగుతాను."

"ఎవరి పిల్లలు వాళ్ళు?"

"చాలామంది పొలాలున్న ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళే."

"సెలవుల్లో ఇంటికెళ్తే, గట్టుమీద నిలబడి తండ్రికి ఏ నిర్వచనం అప్పజెప్పాలి?"

"అక్కడ పొలాల్లో ఉప్పు పైకి తేలి తెల్లటి మచ్చలు పడతాయండి. ఆ మేర గింజ మొలవదు. ఏం చెయ్యాలో తెలియక తలలు పట్టుకుంటారు."

"ఆ ముక్క నీ పుస్తకంలో లేదా?"

"ఎందుకు లేదండీ, ఉంది. ఇరవైనాలుగో అధ్యాయం."

"అక్కడికి ఎప్పుడు చేరతావు?"

ఓరెస్ట్ తన బూట్లకేసి చూసుకున్నాడు. "ఇంతవరకూ చేరలేదండి."

హిల్డా గారు నవ్వుతారేమోనని భయపడ్డాడు గానీ ఆవిడ నవ్వలేదు. "అయితే అక్కడే మొదలుపెట్టు" అని పుస్తకాన్ని వెనకనుంచి తెరిచి అతని ముందుకు తోశారు.

అక్కణ్ణుంచి ఊచకోత సాగింది. ప్రతి అధ్యాయం దగ్గరా ఆవిడ ఒకటే ప్రశ్న వేసేవారు: "ఆ తెల్లమచ్చ బాగుచెయ్యడానికి ఇది కావాలా?" కావాలంటే ఉంచేవారు. "కావాలని కాదు గానీండి..." అని అతను మొదలుపెట్టాడంటే అది అయిపోయినట్టే. పదిహేడో అధ్యాయం దగ్గర ఓరెస్ట్ పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టేశాడు.

"ఇది మాత్రం తియ్యొద్దండీ! నా డాక్టరేటు దీనిమీదే!"

"అలాగా పాపం! పుట్టినరోజు నాడు మీ ఆవిడకు చదివి వినిపించు. పిల్లల జోలికి మాత్రం రానివ్వకు."

జనవరిలో కొత్త కోర్సు మొదలైంది. ఓరెస్ట్ మొదటిరోజే తెల్లటి పొర కట్టిన మట్టి ఒక డబ్బాలో తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఈ మట్టి ఉన్న పొలం ఆసామి ఏప్రిల్లో వచ్చి మీ ఎదురుగా కూర్చుంటాడు. తన పొలం ఎలా బాగుచేసుకోవాలో ఆయనకు మీరే చెప్పాలి. అదే మీ పరీక్ష" అన్నాడు. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి డబ్బా చుట్టూ మూగారు.

కానీ అసలు గండం మార్చిలో ఉంది. కమిటీ కోసం అతని క్లాసు చూడ్డానికి ఓ రోజు హిల్డా గారు లావుపాటి చలికోటు వేసుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. ఆవిణ్ణి చూడగానే ఓరెస్ట్ తడబడ్డాడు. ఇసకను బంకమట్టి అన్నాడు. దిద్దుకోబోయి బంకమట్టిని ఇసక అన్నాడు. తెలియకుండానే స్క్రీను వైపు తిరిగిపోయి దానితో మాట్లాడడం మొదలుపెట్టాడు.

అంతలో వెనకనుంచి గుర్రు వినిపించింది.

తిరిగి చూస్తే హిల్డా గారు తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, సుఖంగా నిద్రపోతున్నారు. ఓరెస్ట్ చేతిలోని డబ్బా మూత జారి కిందపడి, ముందు వరస బెంచీల కిందికి దొర్లుకుంటూ పోయింది. అతను చేతులమీదా మోకాళ్ళమీదా పాకి దాన్ని తెచ్చుకున్నాడు. పైకి లేచేసరికి కూడా గుర్రు ఆగలేదు.

అయిపోయింది, ఇక ఇల్లు సర్దుకోవడమే అనుకున్నాడు. అలా అనుకున్నాక చిత్రంగా భయం కూడా పోయింది. పోయేదెలాగూ పోయింది, ఇక ఎవరికి జడవాలి?

ముందు వరసలోంచి బ్రియానా క్లాసెన్ అనే అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మా నాన్న మా పొలంలోని తెల్లమచ్చను ఏటికేడూ ఇంకా లోతుగా దున్నిస్తాడు. తప్పా?"

ఓరెస్ట్ స్క్రీను ఆపేసి వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. "నన్నడగొద్దు. ఆ ఉప్పు అక్కడికెలా వచ్చింది? ఎవరైనా చెప్పండి."

"నీళ్ళు మోసుకొచ్చాయి సార్. ఎగువనుంచి లోలోపలే దిగి, ఇక్కడ పైకి తేలాయి."

"మరి వైద్యం ఎక్కడ చెయ్యాలి?"

"మచ్చ ఉన్నచోట కాదు సార్, ఎగువన! అక్కడ అల్ఫాల్ఫా మేతపైరు వేస్తే వేళ్ళు లోతుకు పోయి ఆ నీళ్ళు తాగేస్తాయి."

"మా నాన్న చస్తే వినడు!" అంది బ్రియానా.

"వినేలా చెప్పడమే మీ పరీక్ష" అన్నాడు ఓరెస్ట్. క్లాసంతా ఒక్కసారిగా మాట్లాడింది. బ్రియానా నాన్నకు ఎలా నచ్చజెప్పాలో ఒకరిమీద ఒకరు అరుచుకున్నారు. టైము అయిపోయినా ఎవరూ కదల్లేదు. చివరి బెంచీలో హిల్డా గారు ఎప్పుడు లేచి కూర్చున్నారో అతను చూడనే లేదు.

ఆవిడ పోతూ పోతూ ఆవులించి, "ఆ మూతకు ఓ తాడు కట్టుకో నాయనా" అన్నారు. ఓరెస్ట్ సిగ్గుతో తలొంచుకుని, "అలాగేనండి" అన్నాడు.

ఏప్రిల్లో గాంట్ అతని గదికి తానే వచ్చింది. "ఖాయం చేశారయ్యా! ఇంట్లో చెప్పుకో పో."

"హిల్డా గారు ఏం చెప్పారు మేడం?"

"క్లాసెన్ అమ్మాయి ప్రశ్న దగ్గర్నుంచి చివరిదాకా పూసగుచ్చినట్టు చెప్పింది. ఇలాంటి క్లాసు చూసి చాలాకాలమైందట. మొదటి సగం సంగతేమిటని ఒకాయన అడిగాడు. 'నేను ఏదైనా చివర్నుంచే చూస్తానని మీకు తెలీదా?' అంది. అందరం నవ్వేశాం."

ఓరెస్ట్ ఇంటికి పరిగెత్తి లారిసాను ఎత్తి గిరగిరా తిప్పాడు. కానీ లోపల ఒక ముల్లు ఉండిపోయింది. ఆవిణ్ణి నిద్రపుచ్చేటంత చప్పగా పాఠం చెప్పాడు తను. ఆ మాట లారిసాకు కూడా చెప్పలేదు.

జూన్‌లో హిల్డా గారు ఉద్యోగ విరమణ చేశారు. సభకు యూనివర్సిటీ సగం వచ్చింది. ఆవిడ తీరు తెలిసినవాళ్ళే కేకు చేయించారు కాబట్టి దానిమీద "ఉద్యోగంలో చేరుతున్నందుకు శుభాకాంక్షలు" అని ఉంది. నలుగురూ నాలుగు మంచిమాటలు చెప్పాక గాంట్ లేచింది.

"ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్న మాటొకటి ఇవాళ చెప్పేస్తాను. నేను కొత్తగా చేరినప్పుడు హిల్డా నా క్లాసు చూడ్డానికి వచ్చి నిద్రపోయింది. ఉత్త నిద్ర కూడా కాదు, గుర్రు!"

కెమిస్ట్రీ చెప్పే పెద్దాయన మెల్లిగా లేచాడు. "నీ క్లాసులోనా? నా ఒక్కడి క్లాసులోనే అనుకుని ఇన్నాళ్ళూ కుమిలిపోయానే!"

"మీదైనా నయం. నా క్లాసులో పక్కనే ట్రంపెట్ ఊదుతున్నా నిద్రపోయింది!" అన్నాడు సంగీతం మాస్టారు.

అటునుంచొకరు, ఇటునుంచొకరు లేచి నా క్లాసులో కూడా అంటే నా క్లాసులో కూడా అన్నారు. హాలు నవ్వులతో ఊగిపోయింది. ఓరెస్ట్ మాత్రం నవ్వడం మానేసి లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాట. నా డబ్బా మూత దొర్లినప్పుడు ఆవిడ గుర్రు పెడుతున్నారు. మరి దానికి తాడు కట్టుకోమని ఎలా చెప్పారు?"

నవ్వులు ఆగిపోయాయి. "నిజమే సుమీ," అన్నాడు కెమిస్ట్రీ పెద్దాయన, "నా చేతిలోంచి జారి గాజు బీకరు పగిలితే, ఈసారి ప్లాస్టిక్‌ది తెచ్చుకోమంది."

గాంట్ కుర్చీలో కూలబడింది. "భయంతో చచ్చే మొదటి సగం... మనమంతా ఎవరికీ కనపడకూడదనుకునే సగం..." అని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఓరెస్ట్ గుండెలో ఇన్నాళ్ళూ ఉన్న ముల్లు పోయి, దాని చోట చెప్పలేనంత ప్రేమ నిండింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

హాలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. హిల్డా గారు చివరి కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, గుర్రు పెడుతున్నారు.

"హిల్డా! ఇంక చాలించు నీ దొంగనిద్ర!" అంది గాంట్.

ఆవిడ కళ్ళు తెరవలేదు. కేకు ముక్క ఉన్న పళ్ళేన్ని మాత్రం ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నారు.

"కానివ్వండమ్మా," అన్నారు, "నేను చూడటం లేదు."